రంపపు బల్లను తుప్పునుండి కాపాడుకొనుట



మన పాఠశాల చేతిపనుల గదిలో స్క్రోల్ సా అని పిలువబడు సన్నరంపపు యంత్రము కలదు. దారమువంటి అలుగు పైకిని క్రిందికిని ఆడుచుండగా, కొయ్యపలకను రెండు చేతులతో మెల్లగా త్రిప్పుచు మనకు కావలసిన వంపును కోయవచ్చును. పెద్ద చేతిరంపము తిన్నగా పోవునే కాని వంపు తిరుగదు. మన తెలుగు లిపియో, వంపులతో నిండినది. ఒకటవ తరగతి పిల్లలు వ్రేళ్లతో తడిమి నేర్చుకొనుటకు కొయ్య అక్షరములు కావలెనన్నచో, కన్నడము, తమిళము, తెలుగు కలిసి మెలసి యున్న చాంపియన్ రీఫ్స్ వంటి చోట తెలుగువి అంగడిలో దొరకుట అరుదు. వానిని మనమే కోసికొనవలెను. 'ఠ' లోపలి సున్నను తీయవలెనన్నచో మొదట చిన్న రంధ్రము తొలిచి, అలుగును ఊడదీసి, ఆ రంధ్రమున దూర్చి, మరల బిగించి కోయవలెను. ఇంతటి సున్నితమైన పని చేయు యంత్రమును చక్కగా కాపాడుకొనుట మన బాధ్యత. ఆ కాపుదలలో మొదటి పాఠము బల్లకు తుప్పు పట్టకుండ చూచుకొనుట.

బల్ల నునుపుగా ఏల ఉండవలెను?

యంత్రపు కాళ్లకును, చట్రమునకును రంగు వేసియుండుట మీరు చూచియుందురు. పై బల్లకు మాత్రము రంగు లేదు. పోత ఇనుమును చదునుగా సానపట్టి అట్లే విడిచినారు. రంగు వేసినచో కొయ్య రాపిడికి అది పెచ్చులుగా లేచును, పలక ఎగుడుదిగుడగును. కనుక బల్ల తన నునుపుదనముతోనే పని చేయవలెను.

ఆ నునుపు పోయినచో కలుగు నష్టము చిన్నది కాదు. వంపు తిరుగువేళ పలక తుప్పు గరుకుకు పట్టుకొని ఆగును. పిల్లవాడు బలముగా నెట్టును. ఆగిన పలక ఒక్కసారిగా జారును. అలుగు విరుగును, లేదా వ్రేలు అలుగు మీదికి పోవును. నునుపైన బల్లపై ఎవరును కొయ్యను నెట్టనక్కరలేదు. చేతి ఒత్తిడితోనే అది నడచును. కాబట్టి తుప్పును తొలగించుట యంత్రపు అందమునకై కాదు, మీ వ్రేళ్ల క్షేమమునకై యని గ్రహింపుడు.

మరియొక నష్టమును కలదు. తుమ్మ, టేకు మొదలగు కొయ్యలలో టానిను అను వగరు పదార్థముండును. చెమ్మగిల్లిన తుప్పు ఆ కొయ్యకు తగిలినచో నల్లని మచ్చ పడును. అది ఎంత తోమినను సులభముగా పోదు. ఈ గుణమునే మన కళాకారులు మేలునకు వాడుకొనిరి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో కొన్ని వారములు నానబెట్టి, ఆ నీటితో వెదురు కలముపట్టి వ్రాయుదురు. బట్టకు ముందే కరక్కాయ రసమును పాలును పట్టించియుండుటచే, ఇనుపనీరు సోకినచోటనెల్ల కరక్కాయ వగరుతో కలిసి గాఢమైన నల్లరంగు ఏర్పడును. అక్కడ అది చిత్రమునకు రేఖ. మన కొయ్య అక్షరముమీద అది డాగు.

తుప్పు వేరు, చిలుము వేరు

తెలుగున ఈ రెండు మాటలకును చక్కని భేదము కలదు. రాగి, ఇత్తడి పాత్రలపై పచ్చగానో నల్లగానో పట్టునది చిలుము. ఇనుముపై ఎఱ్ఱగా పట్టి, పొడియై రాలునది తుప్పు. మాటలు వేరైనట్లే వాని నడవడియు వేరు. రాగి చిలుము చాలవరకు పైపొరగా నిలిచి, లోపలి లోహమును కొంత కప్పియుంచును. అల్యూమినియముపై ఏర్పడు పొర మరింత గట్టిగా అంటుకొని, గాలి లోపలికి పోకుండ తలుపు మూసినట్లు కాపాడును. ఇనుప తుప్పు అట్లు కాదు. తాను పుట్టిన ఇనుముకంటె అది రెండింతలకు మించిన చోటును ఆక్రమించును. అందుచే పొంగి, పగిలి, పెచ్చులుగా లేచును. ఆ పగుళ్లగుండ గాలియు తేమయు మరల లోపలికి పోవును. కావున తుప్పు ఒకసారి మొదలైనచో తనంతట తాను ఆగదు.

అది పుట్టు విధమిది. ఇనుముమీద కంటికి కనబడని పలుచని నీటిపొర యున్నను చాలును. ఇనుప పరమాణువులు తమ ఎలక్ట్రానులను లోహమున విడిచి అయానులుగా నీటిలోనికి దిగును. గాలిలో వందకు ఇంచుమించు 21 పాళ్లుండు ప్రాణవాయువు, అనగా ఆక్సిజను, ఆ నీటిలో కరగి, ఎలక్ట్రానులను గ్రహించి, హైడ్రాక్సైడుగా మారును. ఈ రెండును కలిసి, మరికొంత ఆక్సిజనును చేర్చుకొని, నీరు చేరిన ఐరన్ ఆక్సైడు అగును. అదియే తుప్పు. ఇది చిన్న విద్యుద్ఘటమువంటిది. నీటిలో ఉప్పున్నచో విద్యుత్తు సులభముగా ప్రవహించును గనుక తుప్పు వేగము హెచ్చును. చెమట వ్రేళ్లతో ముట్టిన చోట కొన్నిదినములకు వ్రేలిముద్ర ఎఱ్ఱగా లేచుట ఇందుకు నిదర్శనము. రామేశ్వరమునకు పోవు త్రోవలో 1914లో ప్రారంభమైన పాత పాంబన్ వంతెన సముద్రపు ఉప్పుగాలితో దశాబ్దములు పోరాడినది. ఇనుము, నీరు, ఉప్పు అను మూటి కలయిక ఎంత కఠినమైనదో దానివలన తెలియును.

ఇంకొక వింత చూడుడు. బల్లపై నీటిబొట్టు పడి ఆరినచో తుప్పు ఉంగరమువలె వలయముగా కనబడును. బొట్టు అంచున ఆక్సిజను ఎక్కువగా అందును, నడుమ తక్కువ. తుప్పు వలయముగా పేరుకొనునప్పటికిని, ఇనుము కరగునది నడుమనే. మంచినీళ్ల లోటాను బల్లపై పెట్టవద్దనుటకు కారణమిదియే.

మీరే చేసి చూడదగిన ప్రయోగము

నాలుగు గాజు పరీక్షనాళికలు, నాలుగు క్రొత్త ఇనుప మేకులు తీసికొనుడు. జింకు పూత లేని మేకులు కావలెను.

మొదటి నాళికలో మేకును సగము మునుగునట్లు మామూలు నీరు పోయుడు.

రెండవదానిలో బాగుగా మరిగించి చల్లార్చిన నీటిని మేకు పూర్తిగా మునుగునట్లు పోసి, పైన నూనె పోయుడు. మరిగించుటచే నీటిలోని గాలి పోవును. నూనె క్రొత్తగాలిని రానీయదు.

మూడవదానిలో నీరు పోయక, తేమను పీల్చు కాల్షియం క్లోరైడు పలుకులు వేసి, ప్రత్తి అడ్డముపెట్టి, దానిపై మేకునుంచి బిరడా బిగింపుడు.

నాలుగవదానిలో ఉప్పునీటిని సగము వరకు పోయుడు.

వారము దినముల తరువాత చూడుడు. మొదటి, నాలుగవ నాళికలలోని మేకులు ఎఱ్ఱబడును. రెండవదానిలో నీరున్నది, గాలి లేదు. మూడవదానిలో గాలియున్నది, నీరు లేదు. ఆ రెండు మేకులును దాదాపు క్రొత్తవానివలెనే యుండును. దీనినిబట్టి తేలిన సూత్రమేమనగా, తుప్పునకు నీరు, గాలి రెండును కావలెను. ఒకదానిని ఆపగలిగినను చాలును. మనము గదిలోని గాలిని తీసివేయజాలము. కనుక ఆ రెంటికిని ఇనుమునకును నడుమ ఒక అడ్డుపొరను నిలుపవలెను. తుప్పు నివారణ విద్య యంతయు ఈ ఒక్క వాక్యముపై నిలిచియున్నది.

వర్షము తక్కువగా గల చోట తుప్పేల?

మన కోలారు జిల్లాలో ఏడాది పొడవున పారు నది లేదు. ఇంత పొడినేలలో ఇనుమునకు భయమేమి యని కొందరు తలంతురు. కాని తుప్పునకు వానయే కురియనక్కరలేదు. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత వందకు 60 దాటినచో ఇనుముపై నీటిపొర నిలుచుటకు చాలును. మన ఊరు సముద్రమట్టమునకు ఎత్తుగా నున్నందున రాత్రులు చల్లన. బరువైన పోత ఇనుప బల్ల రాత్రియంతయు చల్లబడి, ఉదయము తలుపు తెరచినప్పుడు లోనికి వచ్చు వెచ్చని గాలియంత వేగముగా తాను వేడెక్కజాలదు. చల్లని నీళ్లలోటా వెలుపల చెమర్చినట్లే బల్లయు చెమర్చును. అది కంటికి కానరాకపోవచ్చును. చేతితో నిమిరినచో తెలియును. సెప్టెంబరు, అక్టోబరు వానలలోను, మంచు కురియు చలి ఉదయములలోను ఇది తరచు.

గాలివీచు దినములలో సయనైడ్ దిబ్బలనుండి లేచు సన్నని దుమ్మును మనకు తెలియనిది కాదు. దుమ్మైనను, రంపపు పొట్టైనను బల్లపై పేరుకొన్నచో తేమను పట్టియుంచును. పచ్చికర్ర పొట్టు మరింత కీడు; అందులో నీరును ఆమ్లములును కూడ నుండును.

ఏది పూయవలెను? ఏది పూయరాదు?

లోకమున ఇనుమును కాపాడుటకు పలు ఉపాయములు కలవు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగిరేకులకు జింకు ముక్కలను తగిలించి, జింకు తాను కరగిపోయి రాగిని కాపాడునని చూపెను. 1837లో ఫ్రాన్సు దేశీయుడు సోరెల్ ఇనుమును కరగిన జింకులో ముంచు పద్ధతికి హక్కుపత్రము పొందెను. మన బొక్కెనలు, రేకులు అట్టివే. 1913లో షెఫీల్డు నగరమున హ్యారీ బ్రియర్లీ క్రోమియము కలిపిన ఉక్కును తయారుచేయగా, అది వంటయింటి స్టెయిన్‌లెస్ స్టీలునకు దారి చూపెను. 1889లో ముగిసిన ప్యారిసు ఐఫిల్ గోపురమునకు ఇంచుమించు ఏడేండ్లకొకమారు రంగు వేయుచున్నారు. ఢిల్లీలోని ఇనుప స్తంభము ఇంచుమించు 1600 ఏండ్లనుండి ఎండవానలకు నిలిచియున్నది. అందు భాస్వరము హెచ్చుగా నుండుటచే, పైపొర గట్టిపడి రక్షణ కవచమైనదని కాన్పూరు ఐఐటి ఆచార్యుడు ఆర్. బాలసుబ్రహ్మణ్యము పరిశోధించి వివరించెను.

మన పోత ఇనుప బల్లకు అట్టి కవచము తనంతట తాను ఏర్పడదు. రంగు, జింకు దానికి తగవు. కొయ్యకు అంటనిది, జారుదనమును చెరపనిది, చవుకగా దొరకునది ఒకటే. అది మైనము.

తేనెమైనమును సన్నగా తురిమి, మూతగల డబ్బాలో టర్పెంటైను పోసి రాత్రియంతయు నానబెట్టినచో వెన్నవంటి ముద్ద తయారగును. దీనిని ఎన్నడును పొయ్యిమీద పెట్టరాదు. టర్పెంటైను ఆవిరి మంటను అందుకొనును. ఇది పెద్దలు చేయవలసిన పని. అంగడిలో దొరకు గట్టి మైనపు పాలిష్ వాడవచ్చును గాని, కార్లకు వాడు సిలికోను కలిసినది పనికిరాదు. సిలికోను కొయ్యకు అంటినచో ఆపై వార్నిషు నిలువదు. ఏదియు దొరకనప్పుడు తెల్లని కొవ్వొత్తిని బల్లపై రుద్ది, గుడ్డతో నునుపుచేసినను కొంత ప్రయోజనముండును.

వంటనూనెలు పూయరాదు. వేరుశెనగ నూనె కొన్నాళ్లకు జిగురై పొట్టును పట్టుకొనును. కొబ్బరినూనె పాతబడినచో చెడి ఆమ్లగుణము వహించును. కుట్టుమిషను నూనె ఇనుమునకు మంచిదే; కాని పని జరుగు బల్లపై అది కొయ్యకు మరక చేయును. వేసవి సెలవులవంటి దీర్ఘ విరామములకు మాత్రము దానిని పలుచగా పూసి, బడి తెరచిన దినమున శుభ్రముగా తుడిచివేసి, మరల మైనము పట్టింపవలెను.

పట్టిన తుప్పును తీయు విధము

1. మొదట మీట ఆపి, ప్లగ్గును గోడనుండి ఊడదీయుడు. అలుగును విప్పి ప్రక్కన పెట్టుడు. ఇది చేయక తక్కిన ఏ పనియు మొదలుపెట్టరాదు.

2. మెత్తని కుంచెతో పొట్టును, దుమ్మును ఊడ్వుడు. నోటితో ఊదరాదు, ఊపిరితోడి తేమ బల్లకును, పొట్టు కంటికిని చేరును.

3. పాత జిడ్డును, మైనమును కిరసనాయిలు తడిపిన గుడ్డతో ఉపాధ్యాయుల సమక్షమున తుడువవలెను. దగ్గర మంట ఉండరాదు; కిటికీలు తెరచియుండవలెను.

4. 320 లేక 400 సంఖ్యగల గరుకు కాగితమును చదునైన కొయ్యదిమ్మకు చుట్టి, ఒకే దిక్కున తేలికగా రుద్దుడు. మన వడ్రంగులు దీనిని ఉప్పు కాగితమందురు. పేరున ఉప్పేకాని కాగితమున ఉప్పులేదు. వ్రేలితో నొక్కి రుద్దినచో బల్లపై గుంట పడును. ఎఱుపు పోయి వెండివన్నె కనబడగానే ఆపవలెను. లోతుగా పడిన నల్లమచ్చ పూర్తిగా పోకున్నను చింతలేదు, నునుపు ముఖ్యము.

5. పొడిగుడ్డతో రెండుమారులు తుడిచి, వెంటనే మైనము పట్టింపుడు. శుభ్రపడిన ఇనుము మిక్కిలి సుకుమారమైనది. రేపు చూతమనినచో తేమగల రాత్రి ఒకటి చాలును.

6. మైనమును పలుచగా పూసి, పావుగంట ఆరనిచ్చి, మెత్తని గుడ్డతో మెరయువరకు రుద్దుడు. మొదటిసారి ఇట్లు మూడు పూతలు వేయవలెను. పూత దట్టమైనచో ప్రయోజనము హెచ్చునని తలపవలదు. దట్టపు మైనము పొట్టును పట్టుకొనును.

7. టర్పెంటైను అంటిన గుడ్డలను ఉండచుట్టి మూల వేయరాదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. వెలుపల విప్పి ఆరవేయుడు.

మన అమ్మలు ఇత్తడిబిందె చిలుమును చింతపండుతో తోముదురు గదా, దానినే ఇనుమునకును వాడవచ్చునా యని మీరడుగవచ్చును. చింతపండు పులుపు తుప్పును కరగించుట నిజమే. కాని పిదప బాగుగా కడిగి, ఆ క్షణమే ఆరబెట్టి, మైనము పట్టింపనిచో మిగిలిన పులుపు క్రొత్త ఇనుమును తినివేయును. గంటలలోనే మరల ఎఱ్ఱబడును. విప్పి కడుగదగిన చిన్న పనిముట్లకు అది సరిపోవును. యంత్రపు బల్లకు నీళ్లు తగులరాదు గనుక అది తగదు.

నిత్యవిధి

పని ముగిసిన ప్రతిదినము ఐదు నిమిషములు వెచ్చింపుడు. ప్లగ్గు తీయుట, పొట్టు ఊడ్చుట, చేతిముద్రలను పొడిగుడ్డతో తుడుచుట, నూలుబట్ట కప్పుట. ప్లాస్టిక్ గుడ్డ కప్పవలదు. దాని క్రింద తేమ చిక్కుకొని బయటికి పోజాలదు. యంత్రమును తడిగోడకు ఆనించి ఉంచరాదు. నెలకొకమారు మైనపు పూత, వానలలో పదునైదు దినములకొకమారు. పలక జారుట తగ్గినదని చేతికి తోచినచో తేదీ చూడక వెంటనే పూయవలెను. తరగతికిద్దరు చొప్పున వంతులు వేసికొని, పూత వేసిన తేదీని గోడపై వ్రేలాడు అట్టపై వ్రాయుడు.

తల్లిదండ్రులకు

ఈ విద్య మన ఊరికి క్రొత్త కాదు. చాంపియన్ గని ఇంచుమించు 3,200 మీటర్ల లోతు పోయినది. ఆ లోతునకు మనుష్యులను దింపి, మరల పైకి చేర్చినవి ఉక్కుతీగలతో పేనిన తాళ్లు. ఆ తాళ్లకు కొవ్వునూనె పట్టించుట, ప్రతిదినము పరీక్షించుట గనుల నియమము. తీగల నడుమ తుప్పు చేరినచో ఎందరి ప్రాణములకు ముప్పో ఆ పని చేసినవారికి తెలియును. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. తాళ్లు ఆడినన్నాళ్లు నూనె చూచిన ఇనుము, పని ఆగిన పిమ్మట ఎట్లు మారినదో ఎత్తైన గని గోపురములను చూచిన ప్రతి బిడ్డకును తెలియును. ఇనుమును పాడుచేసినది పని కాదు. పని ఆగుటయు, చూచువారు లేకపోవుటయు.

అనేక గృహములలో తాతగారు, నాయనగారు వాడిన ఉలి, సుత్తి, చిత్రిక, స్పానరు పెట్టె అడుగున ఇప్పటికిని ఉన్నవి. వానిని పాత ఇనుపసామానువానికి తూకమునకు వేయుటకు ముందు ఒకమారు బిడ్డచేతికి ఇచ్చి చూడుడు. పైన చెప్పిన పద్ధతిలో తుప్పు తీసి, చిన్న పనిముట్లకు నూనె పూసినచో చాలవరకు పనికి వచ్చును. బిడ్డకు ఒక విద్య అలవడును. ఆ పనిముట్టు పేరును, అది గనిలో ఏ పనికి వాడబడినదో ఆ కథను మీరు తెలుగున చెప్పుడు. పాశ్చాత్యులు మెచ్చుకొన్న 'వూట్జ్' ఉక్కు పేరు మన దక్షిణదేశపు 'ఉక్కు' అను మాటనుండి పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. మాట లోకమంతయు తిరిగినది. దానిని ఇంటిలో పలుకుట మన వంతు.

అభ్యాసము

1. తుప్పునకును చిలుమునకును గల భేదమును మీ ఇంటి పాత్రలు, పనిముట్లు చూపి వివరింపుడు.
2. రెండవ, మూడవ నాళికలలోని మేకులు ఏల ఎఱ్ఱబడలేదు?
3. యంత్రపు కాళ్లకు రంగు వేసి, బల్లకు వేయకుండుటకు కారణమేమి?
4. బల్లపై ప్లాస్టిక్ గుడ్డ కప్పినచో ఏమగును?
5. మీ ఇంటిలోని పాత ఇనుప పనిముట్టు ఒకదానిని ఎంచుకొని, దాని పేరు, దానిని వాడినవారు, దాని ప్రస్తుత స్థితి, దానిని బాగుచేయు విధము తెలుపుచు ఇరువది వాక్యములు వ్రాయుడు.